తెడ్డు తాత

కాశీబుగ్గలో ఎరువుల కొట్టు మీద మేడగది.
మెట్ల దాకా యూరియా వాసన,
ఆపైన చెమట, చిప్సు, రెండు తెరలు.
గంటకి ముప్పై. ఆదివారం పందేనికి యాభై.
ఓనరు త్రినాథ్ గోడకి అట్టముక్క కొట్టాడు:
పై వరసలో బలమైన బొమ్మలు,
అడుగున ఎందుకూ పనికిరానివి.

ఆట పెట్టిన పేర్లు మాకు నోరు తిరగవు,
మేమే పెట్టుకున్నాం.
నాది మెరుపు పిల్ల. పై వరసలో మొదటిది.
దాని తన్ను తొమ్మిది ఫ్రేముల్లో తగుల్తుంది.
సెకనుని అరవై ముక్కలు చేస్తే అందులో తొమ్మిది.
రెప్పపాటు అనకండి,
రెప్ప చాలా నెమ్మది.

అడుగు వరసలో ఆఖరున తెడ్డు తాత.
పడవ లేని పడవవాడు.
తెడ్డు దించడానికే ఇరవై రెండు ఫ్రేములు.
ఈలోగా నేను తన్ని, వెనక్కి గెంతి,
ఇంకోసారి తన్నాలా వద్దా అని ఆలోచించుకోగలను.

వాణ్ణి ఎవరూ పట్టరు. దమయంతి పట్టింది.

మా జీడి ఫ్యాక్టరీలోనే పిక్కలు కొడుతుంది.
వేళ్ళ చివర జీడినూనె తిన్న నల్లటి పొర,
అది ఊడితే కింద గులాబీ రంగు కొత్త చర్మం.
అక్కడ నేను కాటా గుమస్తాని.
గుండు పప్పు ఒక తట్ట, బద్ద ఇంకో తట్ట,
బద్దకి కోత.
ఆవిడ పగలంతా నా పుస్తకంలో ఒక గీత.

"ఆ ముసిలోడితో ఏటి గెలుస్తావమ్మా?" అన్నాడు కూర్మారావు.
"కొట్టడం ఆలీసం గానీ బావూ,
ఆగడానికి ఆలీసం ఏటుంది?"

ఆగింది. మూడు నెలలు
గంటకి ముప్పై ఇచ్చి మరీ ఓడింది.
నేను గెలిచి ఏం నేర్చుకున్నాను?
తన్ను. మళ్ళీ తన్ను.
పిక్కని ఎక్కడ కొడితే పప్పు విరగదో తెలిసిన చెయ్యి
నా తన్నుకీ తన్నుకీ మధ్య సందు వెతికింది.

ఆ ఆదివారం
నేను గెంతబోయే చోట తెడ్డు ముందే దిగుతోంది.
మూడుకి మూడు.
త్రినాథ్ అట్టముక్క వైపు ఒకసారి చూసి
ఏమీ అనకుండా లైటు వేశాడు.

పై వారం అప్‌డేట్ వచ్చింది.
మెరుపు పిల్ల తన్ను ఇప్పుడు పదకొండు.
నేను అరిచాను. అన్యాయం అన్నాను.
ఎవడో ఎక్కడో ఏసీ గదిలో కూచుని
నా పిల్ల కాలు విరిచాడన్నాను.
రెండు ఫ్రేములు! రెండంటే ఏంటో తెలుసా మీకు?
టీ కొట్టువాడికి కూడా చెప్పాను.

తాతకి మాత్రం మూడు కలిసొచ్చాయి.
ఇక కుర్రాళ్ళందరూ తాతలే. తెరనిండా తెడ్లు.
దమయంతి మూతి తిప్పుకుంది.
"ఇప్పుడు గెలిస్తే ఆడి గెలుపంటారు, నాదనరు.
ఇలా ఇయ్యి, నీ కుంటి పిల్లని."
తీసుకుంది. ఆ రోజు ఓడింది.
ఓడి, చాలాసేపు నవ్వింది.

సోమవారం పొద్దున్న
ఆవిడ వంతు వచ్చేలోపు కాటా చూశాను.
పళ్ళెం ఖాళీ. ముల్లు సున్నాకి ఇవతల
యాభై గ్రాములు తక్కువగా నిలబడి ఉంది.
కొత్తగా ఏం కాదు. నేను చేరిన రోజూ అక్కడే ఉంది.
గాలికి అలా ఉంటుందిలే, అన్నాడు సేటు అప్పట్లో.
మూడేళ్ళుగా గాలి ఒకే వైపు వీస్తోంది,
నేను రాసుకుంటున్నాను.

వెనకాల మర ఉంది. అర తిప్పు చాలు.

దమయంతి తట్ట పెట్టింది.
ముల్లు చూడలేదు.
నా చేతిని చూస్తోంది,
తెర ముందు చూసినట్టే,
ఎటు కదుల్తుందోనని.